కొట్టుగదిలో కొలువు

యాజులు అద్దెకున్న ఇల్లు మరీ చిన్నదేమీ కాదు. వీధి వరండా, ముందుగది, పడకగది, వంటిల్లు, వెనక పెరడు. ఇద్దరు మనుషులకి అంతకంటే ఏం కావాలి? కానీ ఆ ఇంట్లో మూడో శాల్తీ ఒకటుంది. అది యాజులు బల్ల. దానికి చోటు కుదరక, ఆ ఏడు వేసవంతా ఆ ఇంట్లో కాపరం చేసింది మొగుడూ పెళ్లాలా, బల్లా అన్నది తేల్చి చెప్పడం కష్టం.

యాజులు ఇరిగేషను ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా కాలవలూ తూములూ గీస్తాడు. సాయంత్రం నర్సీపట్నం బజారు దాటి ఇంటికొచ్చాక వాటి పేరెత్తితే చిరాకు. ఇంట్లో అతనికి కావలసింది బొగ్గు రైలింజను. అంగట్లో కొనుక్కునే బొమ్మ కాదు. తుని ప్లాట్‌ఫారం మీద టేపు పట్టుకుని తిరిగి, ఇంజను డ్రైవరు చేత నవ్వించుకుని మరీ తెచ్చుకున్న కొలతలున్నాయి. అసలు ఇంజనులో అడుగున్నది తన ఇంజనులో పావంగుళం ఉండాలి. ఒక్క రివెట్టు కూడా తప్పకూడదు.

"ఎంతలో ఎంతండీ ఇది?" అని భార్య వర్ధనమ్మ అడిగితే, "నలభై ఎనిమిదో వంతు" అంటాడు, తనే కనిపెట్టినట్టు.

"చారులో ఉప్పు కూడా ఇంత లెక్కగా వెయ్యను నేను" అంటుంది ఆవిడ.

మొదట బల్ల వరండాలో వేశాడు. వీధిన పోయే ప్రతివాడికీ అది సొంత వ్యవహారమైపోయింది. "ఏటి బాబూ సేస్తన్నావు?" అని ఒకడు, "రైలే? మరి పట్టాలేవీ?" అని ఇంకొకడు. మూడోవాడు అరుగెక్కి కూర్చుని తన మేనల్లుడికి రైల్వేలో ఉద్యోగం రాకుండాపోయిన వైనం మొత్తం చెప్పి గాని లేవలేదు. బల్ల ముందుగదిలోకి వచ్చింది. అక్కడ చుట్టాలు. పడకగదిలోకి వెళ్లింది. పక్క నిండా రంపం పొట్టు. పెరట్లో వేస్తే ఇంటావిడ మహాలక్ష్మమ్మ కోళ్లు ఇత్తడి మేకులు గింజలనుకుని మింగేశాయి. "నా పెట్టకేటైనా అయితే నీదే పూసీ బాబూ" అని ఆవిడ గోడవతల నుంచి కేక.

ఇక వంటింటి ఛాయలకి పోవడానికి వీల్లేదు. కర్ర అతకడానికి వడ్రంగులు వాడే వజ్రం కావాలి. పశువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి చేసే జిగురది. వేడి చేస్తే గాని పని చెయ్యదు, వేడి చేస్తే కంపు. మడి కట్టుకుని వంట చేసే మనిషి వర్ధనమ్మ. "ఆ డబ్బా నా కుంపటి మీద కనిపించిందంటే, డబ్బా మీరూ కలిసి వీధిలో ఉంటారు" అని ఒకేసారి చెప్పేసింది.

చోటు మార్చిన ప్రతిసారీ ఏదో ఒకటి విరిగేది, ఏదో ఒకటి పోయేది. యాజులు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు. అన్నం తింటూ తింటూ లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడంచేత్తో బల్లని జానెడు జరిపి వచ్చి మళ్లీ విస్తరి ముందు కూర్చునేవాడు.

"ఒక్కచోట నిలవలేరా మీరు?" అనేది వర్ధనమ్మ.

నిలవలేడు. ఒకప్పుడు నిలిచేవాడే. నాలుగేళ్ల కిందట చలికాలంలో జ్వరం వచ్చి వాళ్ల పాప దుర్గ పోయింది. ఏడాదిన్నర దాటిన పిల్ల. అప్పట్నుంచి ఆవిడ మాట తగ్గింది, అతని కాళ్లు ఆగడం మానేశాయి. పిల్ల పేరు ఇద్దరూ ఎత్తరు. ఎత్తితే ఏమవుతుందో ఇద్దరికీ తెలీదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. ఇంజను పూర్తయిన రోజున తన మనసు ఒకచోట కుదురుకుంటుందని యాజులు నమ్మకం. దానికి ముందు బల్ల ఒకచోట కుదురుకోవాలి. పెట్టిన వస్తువు పెట్టినట్టు ఉండే చోటు, ఎవరూ ముట్టని చోటు ఒకటి ఉంటే చాలు.

ఆఖరికి వర్ధనమ్మే దారి చూపించింది. వంటింటికి అవతలివైపు, పెరట్లోకి వాకిలున్న కొట్టుగది ఒకటుంది. అందులో చింతపండు కుండలు, ఊరగాయ జాడీలు, పాత చాపలు. వాటిని ఆవిడే మోసుకొచ్చి వంటింట్లో సర్దుకుంది.

"తీసుకోండి. నేను లోపలికి రాను, తుడవను, సర్దను. మీ మేకు పోయిందని నా మీద పడొద్దు. ఒక్కటే మాట. ఆ మూలనున్న పెట్టె జోలికి మాత్రం పోకండి."

ఆ పెట్టెలో ఉన్నవి కొలువు బొమ్మలు. వర్ధనమ్మ తల్లి దుర్గాంబగారు కూతురికిచ్చినవి. ఏటా దసరాకి చెక్కలతో మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, బొమ్మలు పేర్చి పేరంటం పిలిచేది. ఆఖరి రోజున ఒక బొమ్మని పడుకోబెట్టి, జోల పాడి, ఆ తరవాతే అన్నిటినీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టేది. మళ్లీ ఏడు పెట్టె తెరిచినప్పుడు ముందుగా ఆ పడుకున్న బొమ్మనే లేపాలి. అది వాళ్ల పుట్టింటి ఆచారం. పాప పోయాక వర్ధనమ్మ కొలువు పెట్టలేదు.

యాజులు మాట తప్పలేదు. పెట్టెని వెంట్రుకవాసి కదపలేదు. కానీ పెట్టె వెనక గోడకి జారేసి టేకు చెక్కలున్నాయి. ఆవిడ పెట్టె అంది గాని చెక్కలు అనలేదు కదా. మంచి పాత టేకు, ఎక్కడా వంకర లేదు. గోడ బీరువాలు లేని గదిలో అలమర్లు కావాలి, అలమర్లకి చెక్కలు కావాలి, చెక్కలు ఎదురుగా ఉన్నాయి. ఏ డ్రాఫ్ట్స్‌మన్ బుర్రైనా ఇలాగే పనిచేస్తుంది. కొలిచి చూస్తే గోడకన్న చెక్కలు జానెడు పొడుగు. కోశాడు. ఒకదాని చివర పసుపు మరకేదో కనపడితే చిత్రిక పట్టి నున్నగా చేశాడు. ఆ పొట్టంతా మహాలక్ష్మమ్మ పట్టుకెళ్లి నీళ్లపొయ్యిలో వేసుకుంది.

ఆ గది సర్దుకోవడం చూసి తీరాల్సిందే. కిటికీ కింద బల్ల, ఎడమనుంచి వెలుతురు పడేలా. చెక్కలు గోడకి ఒకదాని మీద ఒకటి, కిందది వెడల్పు, పైది ఇరుకు, బల్ల ముందు కూర్చుంటే ప్రతిదీ చేతికందేలా. సిగరెట్ టిన్నుల్లో మేకులు, హార్లిక్స్ సీసాల్లో రంగులు, పాత సైకిలు ట్యూబు ముక్కల్లో దూర్చి రంపపు బ్లేళ్లు. గోడ మీద ఉలి ఉండే చోట ఉలి బొమ్మ, సుత్తి ఉండే చోట సుత్తి బొమ్మ పెన్సిల్‌తో గీశాడు, ఏది లేకపోయినా వెంటనే తెలిసేలా. వజ్రం డబ్బాకి విడిగా స్పిరిట్ స్టవ్వు. బల్బుకి పొడుగు వైరు కట్టి, కొక్కెం మీద ఎటు కావాలంటే అటు లాక్కునే ఏర్పాటు.

అంతా కుదిరింది. మనిషే కుదరలేదు. అరగంట పని చేస్తే గంటసేపు సర్దేవాడు. టిన్నులు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి. ఒక రోజు ఉలి బొమ్మ చెరిపి రెండంగుళాలు పక్కన గీశాడు. తనకే నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. ఈ చోటు కూడా చాలకపోతే ఇంకెక్కడికి పోవాలి?

అయినా ఇంజను తయారవుతూనే ఉంది. ఏటికొప్పాక వెళ్లి అంకుడు కర్రతో చక్రాలు తరిమెన మీద గుండ్రంగా తిప్పించి, నల్ల లక్క పూయించుకుని వచ్చాడు. అడుగున పీఠానికి, కోసిన టేకు చెక్కల మిగులు ముక్కల్లో అన్నిటికంటే వెడల్పైనది పనికొచ్చింది. దానికి చిత్రిక పట్టలేదు. అతికే ముఖం గరుకుగా ఉంటేనే వజ్రం పట్టుకుంటుంది. రాత్రిపూట, బల్బు పచ్చటి వెలుతురులో, దాని మీద బాయిలరు, వెనక డ్రైవరు నిలబడే కొట్టు అతికించాడు. వినాయకచవితి వెళ్లేసరికి పొగగొట్టమూ, రెండు లాంతర్లూ మాత్రం మిగిలాయి.

భాద్రపదం చివర్లో ఒక పూట, అన్నం వడ్డిస్తూ వర్ధనమ్మ అంది: "ఈ ఏడు కొలువు పెడతాను."

యాజులు విస్తట్లోంచి తలెత్తాడు.

"ఆ బొమ్మ నాలుగేళ్లుగా పడుకునే ఉందండీ. నిద్ర పుచ్చింది నేనే కదా. లేపాల్సిందీ నేనే. ఇంకెన్నాళ్లు పెట్టి ఉంచను?"

పాప పోయాక కొలువు మాట ఆవిడ నోట రావడం ఇదే మొదలు. ముఖంలో కళ కూడా వచ్చింది. యాజులుకి సంతోషించాలని ఉంది. కానీ కొలువంటే మెట్లు, మెట్లంటే ఆ చెక్కలు. చెక్కలు కోసేశానని అక్కడికక్కడ చెప్పెయ్యాలి. నోరు తెరిచాడు. "కొంచెం చారు వెయ్యి" అన్నాడు.

ఆ పూట తప్పిపోయిన మాట మళ్లీ దొరకలేదు. కొట్టుగదిలోకి వెళ్లి అలమర్లు ఊడదీశాడు, మళ్లీ బిగించాడు. కాగితం మీదైతే గీత చెరిపి పొడిగించొచ్చు. కోసిన టేకుని పొడిగించడం ఎవరి తరం? ఆఫీసులో కాలవ గీస్తూ తూము ఉండాల్సిన చోట మెట్లు గీశాడు. ఓవర్సీరు చూసి, "ఏమిటయ్యా యాజులూ, కాలవలోకి దిగి స్నానం చేస్తారా?" అన్నాడు. చివరికి వడ్రంగి సూరన్న దగ్గరికి పరిగెత్తి, పాత కొలతకే కొత్త చెక్కలు కోయించాడు. కొత్త టేకు తెల్లగా మెరుస్తోంది. వర్ధనమ్మ బలిఘట్టం గుడికి వెళ్లిన పూట చూసి, డికాషన్ కాచి, పెరట్లో చెక్కలకి గుడ్డతో పూయడం మొదలుపెట్టాడు.

గోడమీద మహాలక్ష్మమ్మ తలకాయ లేచింది. "సెక్కలకి కాఫీ పోస్తన్నావేటి బాబూ? పాలు కలపలేదేటి?"

"పురుగు పట్టకుండానండీ."

"పురుగు నీ బుర్రలో ఉన్నట్టుంది. బేగి ఎండలో ఎట్టు, సీమలొచ్చేస్తాయి."

డికాషన్ మీద కొబ్బరినూనె రాశాడు. నిజంగానే పాత చెక్కల్లా కనపడ్డాయి. పట్టుబడనని ధైర్యం రావాలి గదా, రాలేదు. ఆ నాలుగు రోజులూ వర్ధనమ్మ కొట్టుగది వైపు అడుగేస్తే చాలు, ఎదురెళ్లి ఏదో ఒకటి మాట్లాడేవాడు. ఉప్పు ధర గురించి కూడా మాట్లాడాడు.

మహాలయ అమావాస్య నాటి ఉదయం, కొత్త చెక్కలన్నీ తెచ్చి ముందుగదిలో గోడకి జారేశాడు. "ఇదిగో నీ మెట్లు" అన్నాడు. తడిగుడ్డ పట్టుకుని వచ్చింది వర్ధనమ్మ. మొదటి చెక్క చూసింది. తిప్పింది. రెండోది తిప్పింది. తరవాతది. అన్నీ ఒకసారి, మళ్లీ ఒకసారి.

"అడుగు మెట్టేదండీ?"

"ఇదే. వెడల్పుగా ఉంది చూడు."

"ఇది కాదు. దాని చివర పాప చెయ్యుంటుంది."

యాజులుకి అర్థం కాలేదు. వర్ధనమ్మ చెక్కల మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పింది.

"ఆఖరి కొలువప్పుడు మీరు కాలవ సర్వేకి క్యాంపులో ఉన్నారు. గడపకి రాద్దామని పసుపు కలిపి పక్కన పెట్టాను. అది తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి చెయ్యి ముంచేసి, అడుగు మెట్టు చివర చరిచింది. తుడిచేద్దామని గుడ్డ కూడా తీశాను. బుల్లి చెయ్యి, అంత చక్కగా పడింది, తుడవబుద్ధి కాలేదు. మీరొచ్చాక చూపిద్దామనుకున్నాను. మీరొచ్చేసరికి చెక్కలు లోపల పెట్టేశాను. వచ్చే ఏడు చూస్తారులే అనుకున్నాను."

చిత్రిక కింద చుట్టలు చుట్టుకుంటూ లేచిన పసుపు పొట్టు యాజులు కళ్ల ముందు కదిలింది. దాన్ని బుట్టలో ఎత్తి మహాలక్ష్మమ్మకి అందించింది కూడా తనే.

"నేనే కోశాను వర్ధనీ. అవి అలమర్లకి కోశాను. మరకనుకున్నాను. చిత్రిక పట్టాను. ఇవి సూరన్న దగ్గర కొత్తగా చేయించాను."

వర్ధనమ్మ తడిగుడ్డ చెక్క మీద పెట్టి లేచింది. రానని చెప్పిన గదిలోకి మొదటిసారి వెళ్లింది. గోడ మీది బొమ్మలు, టిన్నులు, సీసాలు ఏవీ చూడలేదు. కింద అలమర మీంచి హార్లిక్స్ సీసాలు ఒక్కొక్కటే తీసి నేలమీద పెట్టింది. చెక్క చివర అరచేత్తో నిమిరింది.

"ఎంత నున్నగా చేశారండీ" అంది.

తిట్టినా బాగుండేది. నాలుగు దులిపేసి, ఏడ్చి, పుట్టింటికి పోతానన్నా బాగుండేది. యాజులు వాకిట్లో నిలబడి తన చేతులు చూసుకున్నాడు. అసహ్యమేసింది. వీటికి ఎప్పుడూ ఏదో పని కావాలి. పని లేకపోతే వణుకు. ఆ వణుకుకి చివరికి పిల్ల చెయ్యి కూడా ఆహుతైంది.

అప్పుడు గుర్తొచ్చింది. రంపం అరచేతి మీద పడి ఉంటే, వేళ్లు రెండో ముక్కలోకి పోయి ఉండాలి. చిత్రిక పట్టింది అలమర ముక్కకే. మిగులు ముక్కకి పట్టలేదు. గరుకుగా ఉండాలని పట్టలేదు.

"కొంత ఉండొచ్చు" అన్నాడు. వేలితో బల్ల చూపించాడు. "వేళ్లుండొచ్చు. ఇంజను కింద."

బల్ల మీద, పొగగొట్టమూ లాంతర్లూ తప్ప అన్నీ ఉన్న ఇంజను. వర్ధనమ్మ దాని వైపు చూసింది. దానికోసం మొగుడు ఎలా తిరిగాడో ఆవిడ కంటే తెలిసినవాళ్లెవరు? వంటింట్లోకి వెళ్లి, పొయ్యిమీది వేడినీళ్ల గిన్నె పట్టకారుతో పట్టుకొచ్చింది. "వజ్రం వేడినీళ్లకి ఊడుతుందన్నారు కదా. మెల్లగా పోస్తే ఇంజనుకేం కాదు."

నిజమే, ఊడుతుంది. ఒక్క ముక్క చెదరకుండా విడిపోతుంది, మళ్లీ అతికించుకోవచ్చు. యాజులు గిన్నెకి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వద్దు. నీళ్లు తగిలితే పసుపు కరిగిపోతుంది."

గోడ మీద బొమ్మ గీసిన చోటునుంచి ఉలి తీశాడు.

"అయ్యో, ఉండండీ" అంది వర్ధనమ్మ. "అంత కష్టపడి..."

డ్రైవరు కొట్టు కింద ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. కొట్టు పెళ్లున ఊడింది. బాయిలరు పగిలింది. ఏటికొప్పాక చక్రాలు బల్లమీంచి దొర్లి గది మూలలకి పోయాయి. ఒక్కదాని వెనకా అతని చూపు పోలేదు. ఆఖరి చీలిక ఊడదీసి, పీఠం ముక్కని కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

డ్రైవరు నిలబడే చోట, ఎండిన వజ్రం పొర కింద, నాలుగు బుల్లి వేళ్లు. అరచెయ్యి లేదు, బొటనవేలు లేదు. కాని చిటికెన వేలు కొస వరకూ ఉంది. నాలుగేళ్లు చీకట్లో ఉండి, ఆ పైన జిగురు కింద ఉండి, పసుపు వన్నె తగ్గలేదు.

వర్ధనమ్మ ఆ ముక్క అందుకుని ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. నాలుగేళ్ల కిందట ఏడవాల్సిందంతా ఏడ్చింది. యాజులు ఆవిడ పక్కన, రంపం పొట్టులో చతికిలబడ్డాడు. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. వీధిలో ఐస్‌క్రీం బండి వచ్చి వెళ్లిపోయింది. అతను లేవలేదు. లేవాలనీ అనిపించలేదు.

మర్నాడు పాడ్యమి. కొలువు ముందుగదిలో పెట్టలేదు. "ఇక్కడే పెడదామండీ, మెట్లు ఇక్కడే ఉన్నాయి కదా" అంది వర్ధనమ్మ. టిన్నులూ సీసాలూ బుట్టలోకి పోయాయి. అలమర్ల మీద తెల్లగుడ్డ పరిచారు. పెట్టె తెరిచి, పాత చీరముక్కలో చుట్టిన బొమ్మని తీసి, దాని చెంప తట్టి, "లే తల్లీ, పొద్దెక్కింది" అంది. బొమ్మని నిలబెట్టింది. దాని పక్కన, అడుగు మెట్టు చివర, ఆ చెక్కముక్క పెట్టింది.

సాయంత్రం పేరంటానికి మహాలక్ష్మమ్మ వచ్చింది. రాముణ్ణీ కృష్ణుణ్ణీ చూసి దణ్ణం పెట్టింది. లక్క బొమ్మల్ని మెచ్చుకుంది. గోడ మీద సుత్తి బొమ్మ చూసి నవ్వింది. కిందకి వంగి ఆగిపోయింది.

"ఇదేటమ్మా, ఈ సెక్కముక్క?"

వర్ధనమ్మ తాంబూలం పళ్లెం దించి, అరటిపళ్ల గంపతో వాకిట్లో నిలబడ్డ యాజులు వైపు చూసింది.

"మా దుర్గ చెయ్యండీ" అన్నాడు యాజులు. "నలభై ఎనిమిదో వంతు కాదు, అసలు కొలత."